షాపుకు లైసెన్సు సరే, పని చేసే చెయ్యికి యాడుంది?

"స్పా ముసుగులో వ్యభిచారం, ఐదుగురు యువతులు పట్టివేత." ఇట్లాంటి వార్త వారానికొకటి మన ఫోన్లలోకి వస్తానే ఉంటాది. ఊరు మారుతాది, అంకె మారుతాది, మిగతాదంతా అదే. మొగానికి చున్నీ చుట్టుకోని నిలబడిన పిల్లల ఫోటో, దాని కింద మనోళ్ళ కామెంట్లు. ఆ కామెంట్లు చదివేది నేను మానుకోని చానా రోజులైంది. కానీ ఆ వార్తల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉండాది. ఆ షాపు బోర్డు పెట్టుకోనిచ్చింది ఎవరు? ఆ పిల్లలకు మసాజ్ పని వచ్చునా రాదా అని చూసింది ఎవరు?

ఎవరూ చూడలేదు. మన రాష్ట్రంలో మసాజ్ చేసే మనిషికంటూ ఒక లైసెన్సు, ఒక బోర్డు, ఒక పరీక్ష లేదు. షాపుకైతే ఉంటాది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖలో రిజిస్ట్రేషన్ చేయిస్తారు. టౌన్లో అయితే మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు తీసుకుంటారు. బట్టల అంగడికి, ఫ్యాన్సీ షాపుకు ఉండేదే దీనికీ. అది గోడకు వేలాడే కాగితం. పోలీసులు వచ్చిన రోజు ఓనరుకు చూపించుకోను ఏదో ఒక కాగితం ఉంటాది. పిల్ల దగ్గర ఆధార్ కార్డు తప్ప ఏమీ ఉండదు. నేను ఈ రోజు చెప్పాలనుకున్న మాట ఇదే. షాపు లైసెన్సు వేరు, మనిషి లైసెన్సు వేరు. మనకు కావాల్సింది రెండోది. అది గూడా న్యాయంగా ఇచ్చేది.

"అవుకులో స్పాలు యాడున్నాయన్నా, ఇది సిటీ గొడవ కదా" అంటారేమో. కొంచెం ఆగండి.

మన అవుకు, కొలిమిగుండ్ల, బనగానపల్లె దిక్కు నాపరాయి గనులు ఎన్ని ఉండాయో మీకు నేను చెప్పే పని లేదు. బండ లేపేటోళ్ళు, లారీకి ఎత్తేటోళ్ళు, పాలిష్ ఫ్యాక్టరీలో రోజంతా వంగి నిలబడేటోళ్ళు. సాయంత్రానికి నడుము పట్టేస్తాది. వీళ్ళలో ఎంతమంది నంద్యాలకు పోయి ఫిజియోథెరపీ చేయించుకుంటారు? కటింగ్ షాపులో కూర్చోని "అన్నా, కొంచెం భుజాలు ఒత్తన్నా" అంటారు. అది మసాజే. కాన్పైన ఇంటికి పొద్దున్నే వచ్చి, బాలింతకు ఒళ్ళంతా నూనె రుద్ది, పసిబిడ్డను కాళ్ళ మీద పండుకోబెట్టి నీళ్ళు పోసే అవ్వ ఉంటాది చూడండి, ఆమె చేసేదీ మసాజే. ఆమెకు ఇచ్చేది ఇన్ని బియ్యం, ఒక చీర, ఏదో ఇంత డబ్బు. ఇంక మూడోది, మన ఊర్ల నుంచి డిగ్రీ మధ్యలో ఆపేసి హైదరాబాదుకో బెంగళూరుకో పోయి స్పాల్లో, ఆయుర్వేద సెంటర్లలో పని చేసే పిల్లలు. ఇంట్లో "బ్యూటీ పార్లర్‌లో పని" అని చెప్తారు. ఏంటికి? మసాజ్ అనే మాట నోట్లో నుంచి రాగానే ఎదుటోడి మొగంలో నవ్వు మారిపోతాది కాబట్టి.

ఈ మూడు రకాల చేతులకూ ఒకటే కష్టం. పని ఉండాది, పనికి పేరు లేదు.

మా నాయన క్షవరం పని చేసేటోడు. నాయీబ్రాహ్మణుల ఇంట్లో పుట్టినోణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు పుస్తకంలో నుంచి వచ్చింది కాదు. గనుల్లో నుంచి వచ్చినోళ్ళకు ఆముదం కాంచి నడుముకు రుద్దేటోడు. చెయ్యి వేసేముందు అడిగేటోడు: జ్వరమొచ్చిందా, యాడన్నా పడినావా, కాలు ఊదిందా అని. ఊదిన కాలును ముట్టేటోడు కాదు. ఎవరు నేర్పించినారో తెలీదు, వాళ్ళ నాయన నేర్పించింటాడు. కానీ అదే మా నాయన, కటింగ్ అయిపోయినాక మెడ పట్టుకోని అటొకసారి ఇటొకసారి 'టక్' మనిపించేటోడు. అది లేకపోతే గిరాకీకి తృప్తి ఉండేది కాదు. ఇప్పటికీ మన షాపుల్లో అది నడుస్తానే ఉండాది.

ఆ 'టక్' సంగతి కొంచెం చెప్పుకోవాల. 2024లో మన పక్కనుండే బళ్ళారిలో 30 ఏళ్ళ మనిషి కటింగ్ షాపుకు పోయినాడు. తల మసాజ్ చేసి, మెడ గట్టిగా తిప్పినారు. ఇంటికి పోయినాక మాట తడబడింది, ఒక పక్క బలం తగ్గింది. మెడలో నుంచి మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం లోపలి పొర చీలి, పక్షవాతం వచ్చిందని డాక్టర్లు తేల్చినారు. కోలుకోను రెండు నెలలు పట్టింది. పేపర్లన్నీ రాసినాయి. ఇంకొకటి ఢిల్లీలో, 2016లో జరిగింది. 23 ఏళ్ళ పిల్లోడికి కాలికి దెబ్బ తగిలి కట్టు వేసినారు. కట్టు తీసినాక నొప్పి ఉందని కన్నతల్లి నూనె పెట్టి రుద్దింది. కాలి నరంలో గడ్డకట్టి ఉన్న రక్తం కదిలి ఊపిరితిత్తులకు పోయి అడ్డం పడింది. పిల్లోడు చనిపోయినాడు. ఎయిమ్స్ డాక్టర్లు ఆ కేసును జర్నల్లో రాసినారు. ఊదిన కాలును మా నాయన ఏంటికి ముట్టేటోడు కాదో, అది చదివినాక నాకు తెలిసింది.

అంటే ఈ పని తమాషా కాదు. తెలిసిన చెయ్యికీ తెలియని చెయ్యికీ మధ్య ప్రాణం ఉండాది. కాబట్టి "కులవృత్తికి మళ్ళీ లైసెన్సు ఏందప్పా, తాతల నుంచి చేస్తాండాము" అనే మా వాళ్ళ మాట నేను ఒప్పుకోను. తాతలు నేర్పించిన దాంట్లో మంచీ ఉండాది, మెడ తిప్పేదీ ఉండాది. రూలు కావాల.

కానీ ఎట్లాంటి రూలు? అసలు తగువు ఈడ మొదలైతాది.

ఢిల్లీలో 2021లో స్పాలకు నిబంధనలు తెచ్చినారు. మసాజ్ చేసేటోళ్ళకు ఫిజియోథెరపీ, ఆక్యుప్రెషర్, ఆక్యుపేషనల్ థెరపీలో గుర్తింపు ఉన్న డిగ్రీనో డిప్లొమానో సర్టిఫికెట్టో ఉండాల అన్నారు. ఆడోళ్ళకు ఆడోళ్ళే, మగోళ్ళకు మగోళ్ళే చెయ్యాల అన్నారు. వినను బాగానే ఉండాది. ఇప్పుడు దీన్ని తెచ్చి అవుకులో పెట్టి చూడండి. ముప్పై ఏళ్ళు చేసిన అనుభవం ఉన్నోడు బయటికి పోతాడు. మూడేళ్ళు కాలేజీలో ఫీజు కట్టినోడు లోపలికి వస్తాడు. బాలింతకు నూనె రుద్దే అవ్వ నేరస్తురాలైతాది. ఆ ఆడ-మగ నిషేధం కోర్టుకు పోయింది. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఆపేసింది. పూర్తిగా నిషేధించేదానికీ, అక్రమాన్ని ఆపాలనే ఉద్దేశానికీ పొంతన కనపడటం లేదు అనింది.

మన పక్కన తమిళనాడులో ఇంకొక విచిత్రం. 2021 చివర మద్రాసు హైకోర్టు జడ్జి ఒకరు మసాజ్ సెంటర్లలో సీసీ కెమెరాలు పెట్టాల అన్నారు. 2022 జనవరిలో అదే హైకోర్టు మదురై బెంచిలో ఇంకొక జడ్జి, స్పా లోపల కెమెరా పెడితే మనిషి ఒంటి గోప్యత, హక్కు పోతాది, అనుమానం ఉందని చెప్పి అట్ల చెయ్యను కుదరదు అన్నారు. నాకైతే రెండో ఆయన మాటే సబబు. నడుం నొప్పికి చొక్కా ఇప్పి పండుకున్న మనిషిని కెమెరాలో చూడను పోలీసులకేం పని?

చూసినారా, ఈ గొడవలన్నీ షాపు చుట్టూ, కెమెరా చుట్టూ, ఆడ-మగ చుట్టూనే తిరుగుతాండాయి. చేసే మనిషికి ఏమొచ్చు, ఆమెకు ఏ రక్షణ ఉంది అనే దాని దగ్గరికి ఎవరూ రావడం లేదు.

ఇది మన ఒక్కరి కథే కాదు. 1894లో ఇంగ్లండులో ఇదే జరిగింది. లండన్‌లో మసాజ్ ఇండ్ల పేరుతో వ్యభిచారం నడుస్తాందని బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. ఊరంతా గగ్గోలు. నిజంగా మసాజ్ చేసి బతికే నర్సులకు తల ఎత్తుకోలేని పరిస్థితి. అప్పుడు నలుగురు నర్సులు కూడుకోని, పోలీసుల కోసమో ప్రభుత్వం కోసమో చూడకుండా, శిక్షణ పొందిన మసాజ్ స్త్రీల సంఘం ఒకటి పెట్టుకున్నారు. పరీక్ష వాళ్ళే పెట్టినారు, రూళ్ళు వాళ్ళే రాసుకున్నారు. ఆ సంఘమే పెరిగి పెరిగి ఈ రోజు బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టుల చార్టర్డ్ సొసైటీ అయ్యింది. అంటే ఈ పొద్దు తెల్లకోటు వేసుకోని గౌరవంగా కూర్చునే ఫిజియోథెరపీకి తల్లి ఎవరు? ఒకప్పుడు పరువు పోయిన మసాజే. ఆ ఫిజియోథెరపీకి మన దేశంలో 2021లో జాతీయ చట్టం వచ్చింది, కమిషన్ వచ్చింది. సంతోషమే. తల్లి మాత్రం ఇంకా చున్నీ కప్పుకోని పోలీస్ జీపు ఎక్కుతాంది.

లైసెన్సు బలహీనుడికి కోట అయ్యేదీ ఉండాది. దక్షిణ కొరియాలో చూపు లేనోళ్ళకు మాత్రమే మసాజ్ లైసెన్సు ఇస్తారు. 2006లో అది చెల్లదని వాళ్ళ రాజ్యాంగ కోర్టు చెప్తే, చూపు లేనోళ్ళు వీధుల్లోకి వచ్చి కొట్లాడినారు. అదే ఏడాది పార్లమెంటు మళ్ళీ చట్టం చేసింది, 2008లో కోర్టు గూడా సరే అనింది. అది వాళ్ళ దేశానికి సరిపోయింటాది. మన దగ్గర ఒక గుంపుకే రాసిస్తే ఇంకొక పేదోడి కడుపు కొట్టినట్లైతాది. మా కులానికే ఇవ్వమని గూడా నేను అడగను. స్పాల్లో పని చేసే పిల్లల్లో అన్ని కులాలోళ్ళూ ఉండారు, దళిత ఇండ్ల పిల్లలు ఉండారు. వాళ్ళను గేటు బయట నిలబెట్టే హక్కు మాకు లేదు.

అమెరికాలో గేటు ఇంకొక రకం. గంటలు. న్యూయార్క్ రాష్ట్రంలో మసాజ్ లైసెన్సుకు 1,000 గంటల చదువు కావాల, టెక్సాస్‌లో 500 గంటలు. మన లెక్కలోకి తిప్పుకోండి. రోజుకు 8 గంటలు నేర్చుకుంటే 1,000 గంటలకు 125 రోజులు. ఉపాధి హామీ కూలి రోజుకు 300 అనుకున్నా 37,500 రూపాయల కూలి పోతాది, ఫీజు కాకుండానే. అప్పు చేసి ఆ కాగితం తెచ్చుకున్నోడు ఆ అప్పు తీర్చను గిరాకీ దగ్గర ఎంత తీసుకోవాల? బండ మోసేటోడు అంత ఇస్తాడా?

అందుకే పేరు నమోదు, సర్టిఫికెట్, లైసెన్సు అనే మూడు మాటల మధ్య తేడా తెలుసుకోవాల. నమోదు అంటే పుస్తకంలో నీ పేరు ఎక్కడం. సర్టిఫికెట్ అంటే నీకు పని వచ్చు అని పరీక్ష పెట్టి చెప్పడం. అది లేనోడు గూడా పని చేసుకోవచ్చు, కాకుంటే సర్టిఫికెట్ ఉన్నోణ్ణి అని చెప్పుకోకూడదు. లైసెన్సు అంటే అది లేకుండా పని చేస్తే నేరం. మూడూ ఒకటే అనుకోని నాయకులు మాట్లాడతాంటారు, మనం తల ఊపుతాంటాం. బండి నడపను లైసెన్సు కావాల, ఎద్దుల బండికి వద్దు. ప్రమాదం ఎంత ఉంటే గేటు అంత ఎత్తు ఉండాల.

నా లెక్క ఏందంటే, ఇంటికి పోయి పసిబిడ్డకు నూనె రుద్దే అవ్వకు ఏ గేటూ వద్దు. ఆమెకు ఆశా కార్యకర్త చేత రెండు రోజులు మంచి చెడు చెప్పిస్తే చాలు. కటింగ్ షాపులో తల, భుజాలు ఒత్తేటోడికి నమోదు, చిన్న శిక్షణ, మెడ తిప్పేది మాత్రం బంద్. డబ్బు తీసుకోని ఒళ్ళంతా మసాజ్ చేసే స్పా, ఆయుర్వేద సెంటర్లలో పని చేసేటోళ్ళకు లైసెన్సు ఉండాల. అది మనిషి పేరు మీద ఉండాల. ఓనరు మారినా, ఊరు మారినా కార్డు మనిషితోనే పోవాల. మా పక్క ఊరి పిల్ల ఒకామె సిటీలో ఒక సెంటర్లో పనికి చేరితే, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకున్నారు. మానేస్తానంటే ఇవ్వలేదు. నాలుగు నెలలు తిరిగి తెచ్చుకున్నాము. మనిషి పేరు మీద కార్డు ఉంటే ఓనరు మెడ మీద కూర్చునేది తగ్గుతాది.

పరీక్ష ఎట్ల పెట్టాల? దీనికి కొత్తగా ఏమీ కనిపెట్టే పని లేదు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్ అని ఒకటి ఉండాది. అంటే, ఇప్పటికే పని వచ్చినోణ్ణి మళ్ళీ మొదటి నుంచి క్లాసులో కూర్చోబెట్టకుండా, చేసి చూపించమని చెప్పి సర్టిఫికెట్ ఇచ్చేది. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ అసిస్టెంట్ స్పా థెరపిస్ట్, స్పా థెరపిస్ట్ అని కోర్సులు గూడా రాసి పెట్టింది. సరుకు ఉండాది, అంగడి తెరవలేదు అంతే. మండల కేంద్రంలో, తెలుగులో, చేత్తో చేసి చూపించే పరీక్ష పెట్టమనండి. చదువు రానోడికి నోటితో అడగమనండి. అడగాల్సింది ఏంది? ఊదిన కాలు, కొత్త దెబ్బ, జ్వరం, గర్భం, ఎముక విరిగినట్లు అనుమానం, బీపీ ఎక్కువున్న మనిషి. వీటిలో దేన్ని ముట్టకూడదు, ఎవరిని ఆస్పత్రికి పంపాల? ఈ జవాబులు చెప్పినోడు అందరికన్నా మేలు.

కార్డు ఇచ్చేది, తనిఖీ చేసేది ఆరోగ్య శాఖో కార్మిక శాఖో అయ్యుండాల, పోలీసు శాఖ కాదు. లాఠీ చేతిలో లైసెన్సు పెడితే అది మామూళ్ళ రసీదు పుస్తకం అయితాది. బోర్డు అంటూ పెడితే దాంట్లో డాక్టర్లు, ఆఫీసర్లే కాకుండా చేత్తో పని చేసేటోళ్ళు కూర్చోవాల, వాళ్ళల్లో సగం మంది ఆడోళ్ళు ఉండాల.

స్పాల్లో తప్పు పనులు జరగడం లేదా అంటే, జరుగుతాండాయి. పిల్లల్ని పని అని పిలిచి మోసం చేసేటోళ్ళు ఉండారు. వాళ్ళ మీద 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం ఉండనే ఉండాది. కానీ ఆ చట్టంలోనే రాసి ఉన్న మాటలు పోలీసులకు గుర్తుండవు, మనమన్నా గుర్తు పెట్టుకోవాల. 15వ సెక్షన్ ప్రకారం సోదాకు వస్తే కనీసం ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాల. ఆ చుట్టుపక్కల పెద్దమనుషుల్ని ఇద్దరిని సాక్షులుగా పిలవాల, వాళ్ళల్లో ఒకరు ఆడమనిషి అయ్యుండాల. ఆడపిల్లను ప్రశ్నించేది మహిళా పోలీసే. మొగాలు, పేర్లు బయటపెట్టొద్దని 2022 మేలో సుప్రీంకోర్టు మీడియాకు గూడా చెప్పింది. సిటీలో పని చేసే మీ అక్కకో చెల్లెలికో ఈ నాలుగు మాటలు ఫోన్లో పంపండి. ఆ ఫోటోలు షేర్ చేసేదాని కన్నా అది మేలు.

ఇంకొక సంగతి. ప్రభుత్వం సాయం చేసినా అది గూడా షాపు వెనకే పోతాంది. 2020లో జగనన్న చేదోడు అని ఏడాదికి 10,000 ఇచ్చినారు, షాపు ఉన్న నాయీబ్రాహ్మణులకు, రజకులకు, టైలర్లకు. చెట్టు కింద కుర్చీ వేసుకున్నోడికి, ఇండ్లకు పోయి రుద్దే ఆడమనిషికి షాపు యాడిది? 2022లో మమ్మల్ని కించపరిచే మాటలతో పిలిస్తే కేసు అని జీవో తెచ్చినారు. దండాలు. పేరుకు రక్షణ వచ్చింది, పనికి రాలేదు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులు ఉండాయి, క్షవర వృత్తి దాంట్లో ఉండాది. 5 నుంచి 7 రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, ఆ తర్వాత తక్కువ వడ్డీకి అప్పు. కామన్ సర్వీస్ సెంటర్లో నమోదు చేసుకోవచ్చు, మొదటి పరిశీలన మన పంచాయతీ దగ్గరే. షాపు పని చేసే తమ్ముళ్ళు ఇంకా చేసుకోకపోతే చేసుకోండి. కానీ ఆ శిక్షణలో మెడ తిప్పొద్దని, ఊదిన కాలు ముట్టొద్దని ఒక పూట చెప్పించమని అడగండి. ఆ ఒక్క పూటకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త డబ్బు అక్కర్లేదు.

నంద్యాల జిల్లా అయ్యి 2022 ఏప్రిల్ నుంచి కలెక్టరేట్ మనకు దగ్గరికొచ్చింది. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చే అర్జీ ఒకటి నేను రాసి పెట్టినా. దాంట్లో మూడే అడిగినా: మండలానికొకసారి తెలుగులో చేతి పరీక్ష, మనిషి పేరు మీద ఫోటో కార్డు, జిల్లాలో ఉన్న మసాజ్ సెంటర్ల తనిఖీకి పోలీసులతో కాకుండా ఆరోగ్య శాఖ ఆడ ఆఫీసరు. అవుకు, కొలిమిగుండ్ల, బనగానపల్లె షాపులోళ్ళ సంతకాలు మొదలుపెట్టినాము. ఇండ్లకు పోయి పని చేసే అవ్వల వేలిముద్రలు మాత్రం ఇంకా ఒక్కటీ రాలేదు. "నాకెందుకు నాయనా, మళ్ళా పోలీసులు వస్తారేమో" అంటాండారు. ఆళ్ళగడ్డ దిక్కు ఆడపిల్లలు ఎవరన్నా వాళ్ళ జేజిని కూర్చోబెట్టుకోని ఈ సంగతి వాళ్ళ మాటల్లో చెప్పగలిగితే, అర్జీ కాగితం నేను తెచ్చిస్తా.